క్రాస్ స్టిచ్‌కు ముగింపు: పటం నుంచి తోరణం దాకా

క్రాస్ స్టిచ్‌లో చివరి కుట్టు పడ్డాక చేతిలో ఉండేది బొమ్మ కుట్టిన గుడ్డ ముక్క మాత్రమే. అంచుల్లో పోగులు ఊడుతుంటాయి. వెనకవైపు దారపు కొసలు తేలి ఉంటాయి. చేతి జిడ్డు, రింగు బిగించిన గుర్తులు గుడ్డ మీదే ఉంటాయి. ఆ ముక్కను గోడ మీద పటంగానో, సోఫాలో దిండుగానో, గుమ్మానికి తోరణంగానో, గుండుసూదులు గుచ్చే చిన్న దిండుగానో మార్చే పనినే ఫినిషింగ్ అంటారు. నెలల తరబడి కుట్టిన పని ఎన్నేళ్లు నిలుస్తుందన్నది కుట్టు నేర్పు మీద ఎంత ఆధారపడుతుందో ఈ ఫినిషింగ్ మీదా అంతే ఆధారపడుతుంది.

ఫినిషింగ్ పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిని రెండు ప్రశ్నలతో బేరీజు వేయవచ్చు. తయారయ్యే వస్తువుకు చేతి రాపిడి, ఎండ, నీరు ఎంతగా తగులుతాయన్నది మొదటిది. అవసరం వచ్చినప్పుడు కుట్టు చెడకుండా ఆ వస్తువును విప్పదీయగలమా అన్నది రెండోది. చట్రానికి చెద పట్టినా, దూది ఉండకట్టినా, అస్తరు చిరిగినా మార్చాల్సింది కుట్టును కాదు, దాని చుట్టూ ఉన్నదాన్ని. దారంతో బిగించినదైతే కత్తెర కొసతో తెంపి విడదీయవచ్చు. జిగురుతో అంటించినదైతే గుడ్డతో పాటే ఊడి వస్తుంది. పద్ధతుల మంచిచెడులు చాలావరకు ఈ తేడా దగ్గరే తేలిపోతాయి.

పాత పనులు ఏ రూపంలో నిలిచాయి

ఇంగ్లండ్‌లో తేదీ ఉన్న కుట్టు నమూనా గుడ్డల్లో, అంటే సాంప్లర్లలో, మనకు తెలిసినంతలో అతి పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టినది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఆ గుడ్డ మీద క్రాస్ స్టిచ్‌తో పాటు అనేక రకాల కుట్లు ఉన్నాయి. ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరులో పుట్టిందన్న సంగతి కూడా అక్షరాలుగా కుట్టి ఉంది. ఆ రోజుల్లో సాంప్లర్‌ను గోడకు తగిలించేవారు కాదు. అది నమూనాల నోటుపుస్తకం లాంటిది. చుట్టి పెట్టెలో దాచుకుని, కావలసినప్పుడు తీసి చూసుకునేవారు. 18వ శతాబ్దానికి అది అక్షరమాల, ఇల్లు, చెట్లు, చుట్టూ పూల అంచు ఉన్న చదరపు రూపానికి వచ్చింది. చట్రంలో బిగించి ఇంట్లో నలుగురూ చూసేలా పెట్టడమూ అప్పుడే పెరిగింది. అంటే ఫినిషింగ్ మారడంతో కుట్టే బొమ్మ అమరికే మారిపోయింది.

చిన్న ముక్కలను పెద్ద వస్తువుగా కూర్చడానికి గొప్ప ఉదాహరణ ఆక్స్‌బరో తెరలు. స్కాట్లండ్ రాణి మేరీ ఇంగ్లండ్‌లో బందీగా ఉన్న కాలంలో, సుమారు 1570 నుంచి 1585 వరకు, తన కాపలా బాధ్యత వహించిన ష్రూస్‌బరీ ప్రభువు భార్య ఎలిజబెత్ టాల్బట్‌తో కలిసి పట్టుదారంతో లినెన్ కాన్వాస్‌పై పక్షులు, జంతువులు, చేపలు, మొక్కలు కుట్టింది. ఆ చిన్న పలకలను విడివిడిగా కత్తిరించి, ఆకుపచ్చ వెల్వెట్ మీద కూర్చి తెరలుగా కుట్టారు. అవి ఇప్పటికీ నార్‌ఫోక్‌లోని ఆక్స్‌బరో హాల్‌లో ఉన్నాయి. కుట్టు ఒక గుడ్డ మీద, దాని బరువు మోసేది మరో గుడ్డ అన్న ఈ సూత్రాన్నే నేటి దిండు గలీబులు, గోడ తెరలు కూడా పాటిస్తున్నాయి.

19వ శతాబ్దంలో బెర్లిన్ నుంచి గళ్ల కాగితంపై రంగులు వేసిన నమూనాలు యూరప్, అమెరికాలకు వ్యాపించాయి. వాటిని ఉన్ని దారంతో కాన్వాస్‌పై కుట్టి దిండ్లు, కాళ్లు పెట్టుకునే పీటలు, చెప్పుల పైభాగాలు, నిప్పుగూటి ముందు నిలిపే తెరలు చేసేవారు. ఒత్తుగా నిండిన ఉన్ని కుట్టు రాపిడికి తట్టుకుంటుంది కనుకనే అది కూర్చునే, తొక్కే వస్తువులకు పనికొచ్చింది. నేటి కాటన్ దారపు పనిని అదే చోట వాడితే అంతకాలం నిలవదు.

పాలస్తీనా ఎంబ్రాయిడరీని యునెస్కో 2021లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి స్త్రీల గౌనుల ఛాతీ పలకలు ప్రధానంగా క్రాస్ స్టిచ్‌తో నిండి ఉంటాయి. గౌను చిరిగినా పలక గట్టిగా ఉంటే దాన్ని విప్పి కొత్త గౌనుకో దిండుకో కుట్టుకోవడం వాడుక. కర్ణాటక కసూతిలో మెంతి అనే కుట్టు కూడా క్రాస్ స్టిచ్చే. అక్కడ దాన్ని నేరుగా చీర మీదే కుడతారు. కుట్టు పూర్తయ్యేసరికి వస్తువూ సిద్ధమవుతుంది. తెలుగు ఇళ్లలో క్రాస్ స్టిచ్ ఎక్కువగా మ్యాటీ గుడ్డ మీద సాగింది. చిలుకలు, పూలబుట్ట, దేవుడి బొమ్మ, స్వాగతం పలికే అక్షరాలు కుట్టి అద్దం వేసి పటం కట్టించడం, బల్ల గుడ్డలు, టీవీ కవర్లు చేయడం తరతరాలుగా సాగుతున్న అలవాటు.

కుట్టకముందే తేల్చుకోవలసినవి

ఫినిషింగ్‌లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం గుడ్డ కత్తిరించిన రోజునే మొదలవుతాయి. పని పూర్తయ్యాక చట్రానికి మడవడానికి అంచు చాలకపోతే దాన్ని సరిదిద్దడం కష్టం. అందుకే తయారయ్యే వస్తువేదో ముందే అనుకుని, గుడ్డ కొలత దానికి తగ్గట్టు లెక్కించాలి.

లెక్క తేలిక. క్రాస్ స్టిచ్ కోసం గళ్లుగా నేసే ఐడా గుడ్డకు ఉండే కౌంటు అంగుళానికి ఎన్ని గళ్లో చెబుతుంది. 11, 14, 16, 18 కౌంట్లు వాడుకలో ఉన్నవి. నమూనాలోని కుట్ల సంఖ్యను కౌంటుతో భాగిస్తే బొమ్మ కొలత అంగుళాల్లో వస్తుంది. 140 కుట్ల వెడల్పు, 98 కుట్ల ఎత్తు ఉన్న నమూనా 14 కౌంటు గుడ్డపై 10 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు వస్తుంది. అదే 18 కౌంటుపై సుమారు 7.8, 5.4 అంగుళాలకు తగ్గుతుంది. 28 కౌంటు లినెన్‌పై రెండేసి పోగుల మీద కుడితే 14 కౌంటు కొలతే వస్తుంది. మ్యాటీ గుడ్డను కౌంటు చెప్పకుండా అమ్ముతుంటారు కనుక స్కేలు పెట్టి ఒక అంగుళంలో గళ్లు లెక్కపెట్టుకోవాలి. నిలువు, అడ్డం రెండువైపులా లెక్కించాలి. రెండూ సమానంగా లేకపోతే గుండ్రటి బొమ్మ కోలగా వస్తుంది.

బొమ్మ కొలతకు అంచు కలపాలి. పటానికి నాలుగువైపులా 3 అంగుళాల చొప్పున వదలడం మంచిది. పై నమూనాకు 16 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తున్న గుడ్డ కావాలి. దిండుకూ గోడ తెరకూ 2 అంగుళాలు, చిన్న వేలాడే బొమ్మలకు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం సరిపోతుంది. పోగులు ఊడకుండా అంచుకు మిషన్‌పై జిగ్‌జాగ్ కుట్టో, చేత్తో చుట్టు కుట్టో ముందే వేయాలి. అంచుకు జిగురు పట్టీలు అతికిస్తే వాటి జిడ్డు గుడ్డలో మిగిలి, ఏళ్లు గడిచాక పసుపు మరకగా తేలుతుంది.

శుభ్రం చేయడం, ఇస్త్రీ

కుట్టేటప్పుడు కనబడని చేతి జిడ్డు ఉతక్కుండా అద్దం వెనక బిగిస్తే కొన్నేళ్లకు గోధుమరంగు మచ్చలుగా పైకి వస్తుంది. అందుకే కాటన్ గుడ్డపై కాటన్ దారంతో చేసిన పనిని ఫినిషింగ్‌కు ముందు ఉతకడం మంచిది. చన్నీటిలో గాఢత లేని ద్రవ సబ్బు కొన్ని చుక్కలు కలిపి, అందులో పావుగంట నానబెట్టి, రుద్దకుండా మెల్లగా కదిలించి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. పిండకూడదు. పరిచిన తువ్వాలు మీద పెట్టి చుట్టి, అరచేతులతో నొక్కితే నీరంతా తువ్వాలు పీలుస్తుంది.

డీఎంసీ, యాంకర్ వంటి పేరున్న దారాలు సాధారణంగా రంగు వదలవు. అయినా ముదురు ఎరుపు, నీలం, నలుపు ఉన్నప్పుడు జాగ్రత్త అవసరం. రంగు వదులుతున్నట్టు కనబడితే గుడ్డను ఆరనివ్వకుండా, నీరు తేటపడేదాకా చన్నీటి ధార కింద జాడిస్తూనే ఉండాలి. తడిగా ఉన్నంతసేపు గుడ్డకు అంటిన రంగు కదులుతుంది. ఆరితే, ముఖ్యంగా ఇస్త్రీ వేడి తగిలితే, పాతుకుపోతుంది. చేత్తో రంగులద్దిన దారాలను, పట్టుదారాన్ని వీలైనంతవరకు తడపకూడదు. చిల్లుల కాగితంపై కుట్టిన పనికి నీరు తగలనే కూడదు.

గళ్లు గుర్తుపెట్టుకోవడానికి గీసిన గీతలు మరో సమస్య. నీటితో పోయే పెన్ను గీతలను ఇస్త్రీకి ముందే పూర్తిగా కడగాలి. వేడి తగిలితే అవి శాశ్వతంగా నిలిచిపోవచ్చు. వేడికి మాయమయ్యే పెన్నుల గీతలు గడ్డకట్టే చలిలో తిరిగి కనబడవచ్చు. చలిదేశాల్లో ఉన్న బంధువులకు కానుకగా పంపే పనికి అలాంటి పెన్ను వాడకపోవడమే మేలు.

ఇస్త్రీని మందపాటి తువ్వాలుపై పనిని బోర్లా వేసి, కాస్త తడి ఉండగానే, వెనకనుంచి చేయాలి. కుట్లు తువ్వాలులోకి ఒదిగి, నలగకుండా ఉబ్బుగా నిలుస్తాయి. ఇస్త్రీపెట్టెను ఈడ్చకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి; ఈడిస్తే గళ్లు వంకర పోతాయి. జరీ, మెరుపు దారాలున్న చోట వేడి తగ్గించి, పైన పలుచని గుడ్డ వేయాలి. ఇస్త్రీ అయ్యాక పనిని వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. ఖాళీ గళ్ల వెనక ముదురు దారం కొసలు నీడలా కనిపిస్తే, వాటిని దగ్గర్లోని కుట్ల కిందికి దూర్చి కత్తిరించాలి. మిగిలిపోయిన సగం కుట్లు కూడా అప్పుడే బయటపడతాయి.

పటం కట్టడం

గోడకు తగిలించే పటం క్రాస్ స్టిచ్‌కు అతి ఎక్కువగా వాడే ముగింపు. చేతి రాపిడి ఉండదు కనుక పని ఎక్కువకాలం నిలిచే అవకాశమూ దీనిలోనే ఉంది. కానీ తప్పు పద్ధతిలో కట్టిన పటం పనిని కళ్లముందే మెల్లగా పాడుచేస్తుంది.

గుడ్డను అట్టపై బిగించడానికి మూడు దారులున్నాయి. మొదటిది జిగురు అట్ట లేదా రెండువైపులా అంటే టేపు. పని త్వరగా అవుతుంది. కానీ జిగురు పోగుల్లోకి ఇంకి గట్టిపడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, కొన్నేళ్లకు పట్టు వదిలేస్తే గుడ్డ ముడతలు పడుతుంది. రెండోది ఫోమ్ బోర్డు అంచులోకి గుండుసూదులు గుచ్చడం. స్టెయిన్‌లెస్ స్టీలు సూదులైతే తుప్పు మరక పడదు, ఎప్పుడైనా తీసేయవచ్చు. మూడోది దారంతో వెనక అల్లి బిగించడం. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, కానీ ఎక్కువకాలం నిలిచేది, ఏ హానీ లేకుండా విప్పగలిగేది ఇదే.

అల్లిక పద్ధతి ఇలా సాగుతుంది. ఆమ్లం లేని అట్టను చట్రం లోపలి కొలత కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోయాలి, ఎందుకంటే అంచుల్లో మడిచిన గుడ్డ మందానికి చోటు కావాలి. అట్టపై పలుచని ఫ్లానెల్ గుడ్డ పరిస్తే వెనకనున్న దారపు ముడులు ముందు వైపు ఉబ్బుగా కనబడవు. పనిని దానిపై పెట్టి, ప్రతి వైపు మధ్య నుంచి మూలల వైపుకు అట్ట అంచులో సూదులు గుచ్చుతూ పోవాలి. ఒకే పోగు వెంట సూదులు పడితే గళ్లు నిటారుగా నిలుస్తాయి. ఆ తరువాత బోర్లా తిప్పి, గట్టి కాటన్ దారంతో పై అంచును కింది అంచుకు కలుపుతూ మధ్య నుంచి చివరి దాకా అల్లాలి. నులక మంచం కాళ్లవైపు తాడు లాగినట్టు ఒక్కో వరుస లాగుతూ బిగువు సరిచేయాలి. పైకీ కిందికీ అయ్యాక మూలలు మడిచి, కుడి ఎడమలను అదే విధంగా అల్లి, మూలలను చిన్న కుట్లతో కుట్టేయాలి. చివరగా సూదులు తీసేయాలి.

అద్దం వేయాలా వద్దా అన్నది ఇంటిని బట్టి తేలుతుంది. దుమ్ము, వంటగది జిడ్డు, దోమలు, ఈగలు ఉన్నచోట అద్దం కావాలి. అయితే అద్దం కుట్టును తాకకూడదు. తాకితే కుట్లు చదునుగా నలుగుతాయి. వానాకాలంలో అద్దం లోపలివైపు చేరే చెమ్మ నేరుగా గుడ్డకు పట్టి బూజు వస్తుంది. అద్దానికీ గుడ్డకూ మధ్య అట్ట మౌంటు గానీ, చట్రం గాడిలో సన్నని పట్టీ గానీ పెట్టి ఖాళీ ఉంచాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం రంగు వెలిసిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, కానీ ఆపదు, ఎందుకంటే మామూలు వెలుతురూ రంగును తింటుంది. మ్యూజియంలు పాత వస్త్రాలను సాధారణంగా 50 లక్స్ దగ్గర ఉండే మసక వెలుతురులో ఉంచేది అందుకే. ఇంట్లో అంత మసక సాధ్యం కాకపోయినా, ఎదురుగా ఎండపడే గోడను, ట్యూబ్‌లైటు కింది చోటును తప్పించడం ఎవరికైనా సాధ్యమే.

పటాల దుకాణంలో పని అప్పగించేటప్పుడు మూడు సంగతులు ముందే స్పష్టంగా చెప్పడం మంచిది: గుడ్డకు జిగురు రాయకూడదు, అంచులు కత్తిరించకూడదు, అద్దం తాకకూడదు. కాగితపు ఫొటోలకు అలవాటైన చేతికి గుడ్డ కొత్తే. ఇంట్లోనే అట్టపై అల్లి, బిగించిన పనిని దుకాణంలో ఇచ్చి చట్రం, అద్దం మాత్రమే వేయించుకోవడం అన్నిటికన్నా సురక్షితం. వెనక నేరుగా ప్లైవుడ్ గానీ మామూలు గోధుమరంగు అట్ట గానీ తగిలితే వాటిలోని ఆమ్లం ఏళ్ల తరబడి గుడ్డలోకి దిగి పసుపు చారలు వేస్తుంది. మధ్యలో ఆమ్లం లేని కాగితం ఒక పొర వేస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది.

చెక్క రింగులోనే పనిని ఉంచి గోడకు తగిలించడం ఖర్చు తక్కువ, చూపుకు తేలిక. గుడ్డను రింగు బయట ఒకటిన్నర అంగుళం వదిలి గుండ్రంగా కత్తిరించి, అంచు పొడవునా రన్నింగ్ స్టిచ్ వేసి, దారం లాగి వెనక్కి కుచ్చు చేర్చి, ఫెల్టు గుండ్రాన్ని వెనక కుట్టేస్తారు. లోపలి రింగుకు ముందే కాటన్ పట్టీ చుడితే గుడ్డ జారదు, చెక్క నేరుగా తగలదు. అద్దం ఉండదు కనుక దుమ్ము పడుతుంది; మరీ విలువైన పనికి కాక పిల్లల గది బొమ్మలకు, పండుగ అలంకరణలకు ఈ పద్ధతి నప్పుతుంది.

దూది నింపే వస్తువులు

దిండు గలీబుకు క్రాస్ స్టిచ్ వాడేటప్పుడు మొత్తం ముఖమంతా కుట్టనవసరం లేదు. 16 అంగుళాల చదరపు దిండు అంతా 14 కౌంటుపై నింపాలంటే ఒక్కో వరుసకు 224 కుట్లు పడతాయి. మధ్యలో 8 అంగుళాల పలక, అంటే 112 కుట్లు కుట్టి, చుట్టూ 4 అంగుళాల కాటన్ గుడ్డ పట్టీలు కలిపితే అదే దిండు వస్తుంది. కుట్టుకు రాపిడీ తగ్గుతుంది. పలక వెనక పలుచని అస్తరు వేసి, అంచున టాకాలతో కలిపి, ఆ రెండింటినీ ఒకే గుడ్డగా మిషన్‌పై కుట్టాలి. ఐడా గళ్లు వదులుగా ఉంటాయి కనుక అస్తరు లేకపోతే కుట్టు దగ్గర పోగులు జారిపోతాయి. వెనకవైపు జిప్పు గానీ ఒకదానిపై ఒకటి వచ్చే రెండు ముక్కలు గానీ పెడితే గలీబును విడిగా తీసి ఉతకవచ్చు. లోపలి దిండు గలీబు కన్నా అంగుళం పెద్దదైతే మూలలు నిండుగా నిలుస్తాయి.

చిన్న దిండ్లలో అందరికీ ప్రియమైనది ఫ్రాన్స్ నుంచి ప్రాచుర్యంలోకి వచ్చిన బిస్కార్ను. రెండు సమ చదరపు ముక్కలను మామూలుగా మూలకు మూల కలపకుండా, ఒకదాని మూల రెండోదాని అంచు మధ్యలోకి వచ్చేలా కలిపితే ఎనిమిది కొనలున్న ఉబ్బెత్తు దిండు అవుతుంది. బొమ్మ చుట్టూ ప్రతి గడికీ ఒకటి చొప్పున బ్యాక్ స్టిచ్ వేసి చదరపు గీత గీయాలి. అంచున సరిసంఖ్యలో కుట్లు ఉండాలి. 40 కుట్ల చదరానికి 20వ కుట్టు దగ్గర మధ్య వస్తుంది. 14 కౌంటుపై ఆ చదరం దాదాపు 2.9 అంగుళాలు. అంచును వెనక్కి మడిచి, ఒక ముక్క మూలను రెండోదాని 20వ కుట్టుకు ఆనించి, గుడ్డలోకి గుచ్చకుండా రెండు వైపుల బ్యాక్ స్టిచ్‌లను మాత్రమే దారంతో కలుపుతూ పోవాలి. కొన దగ్గరకు వచ్చినప్పుడు మలుపు తిరిగి కొనసాగితే ఆకారం తనంతట తానే వస్తుంది. చివరి వైపు తెరిచి ఉంచి నింపి, కుట్టేసి, నడుమ పైనా కిందా గుండీలు పెట్టి గట్టిగా లాగి కట్టాలి. కలిపేది ఆ గీతలను మాత్రమే కనుక దారం తెంపితే రెండు చదరాలూ చెక్కుచెదరకుండా విడివడతాయి.

నింపేదాన్ని బట్టి వస్తువు స్వభావం మారుతుంది. పాలియెస్టర్ పీచు తేలిక, ఉతికినా ఉండకట్టదు. బూరుగుదూది మెత్తన, కానీ తడిస్తే ఉండకట్టి ఆరడానికి రోజులు పడుతుంది. ఉతికే వస్తువులో దాన్ని వాడకూడదు. సూదులు గుచ్చే దిండుకు ఉన్ని మంచిది, సూది తేలిగ్గా దిగుతుంది. బరువు కోసం బియ్యం, పప్పులు నింపితే మన వాతావరణంలో పురుగు పడుతుంది. బరువే కావాలంటే కడిగి ఎండబెట్టిన చిన్న గులకరాళ్లను విడి సంచిలో కుట్టి లోపల ఉంచవచ్చు.

వేలాడేవి, తెరలు, తోరణాలు

పొడవాటి పట్టీని పైన కింద కర్రలకు తగిలించి గోడకు వేలాడదీసే పద్ధతి యూరప్‌లో పనివారిని పిలిచే గంట తాడుల నుంచి వచ్చింది. అస్తరు ఇక్కడ కీలకం. కుట్టిన గుడ్డ తన బరువుకే ఏళ్లలో సాగుతుంది; వెనక గట్టి కాటన్ అస్తరు ఉంటే ఆ బరువును అదే మోస్తుంది. అస్తరును కుట్టిన గుడ్డ కన్నా అరపావు అంగుళం పొట్టిగా కోసి హెమ్మింగ్‌తో కలిపితే వేలాడినప్పుడు ముందువైపుకు తొంగిచూడదు. కర్ర దూరే గొట్టాన్ని కుట్టిన గుడ్డకు కాక అస్తరుకే కుట్టాలి.

గుమ్మం తోరణం తెలుగు ఇంటికి సహజంగా అమరే రూపం. 3 అడుగుల గుమ్మానికి 5 అంగుళాల వెడల్పున్న ఏడు ముక్కలు సరిపోతాయి. వాటిని మామిడాకు ఆకారంలోనో, కింద కొన ఉన్న పలకలుగానో కత్తిరించి, ఒక్కోదానికీ విడిగా అస్తరు వేసి, బోర్లా కుట్టి తిరగేసి, పైన పొడవాటి పట్టీకి వరుసగా కలుపుతారు. కొనల్లో కుచ్చులు, పూసలు, గవ్వలు కట్టవచ్చు. తోరణానికి ఎండ, దుమ్ము, దీపం పొగ, తలలు తగలడం అన్నీ తప్పవు. అందుకే దీనికి ఉతికితే రంగు వదలని దారమే వాడాలి. ఒక ముక్క పాడైతే దాన్ని మాత్రమే మార్చేలా పట్టీకి చేతికుట్టుతో కలిపితే తోరణం ఎన్నో పండుగలకు నిలుస్తుంది.

చిన్న అలంకరణలు

వేలాడే చిన్న బొమ్మలకు మేలైన పద్ధతి రెండు అట్టలది. ఒకే కొలతలో రెండు అట్ట ముక్కలు కోసి, వాటిపై పలుచగా దూది పరిచి, ఒకదానికి కుట్టిన గుడ్డను, రెండోదానికి నప్పే రంగు గుడ్డను వెనక దారంతో అల్లి బిగిస్తారు. రెండింటినీ వీపులు కలిపి, అంచు వెంట కనబడని కుట్లతో జోడించి, కలిసిన చోటు కప్పేలా పేనిన తాడు కుడతారు. తాడు పైభాగంలో ఉచ్చు వదిలితే అదే తగిలించే కొక్కెం. ఇదే నిర్మాణాన్ని కాస్త పెద్దదిగా చేసి అంచులో గుండుసూదులు గుచ్చితే సూదులు పెట్టుకునే సాధనం అవుతుంది. రెండు జతలను ఒకవైపు కలిపి కుడితే గ్రీటింగ్ కార్డులా తెరుచుకుని బల్లపై నిలబడుతుంది.

చిల్లుల కాగితంపై కుట్టిన పనికి మడిచే అంచు అక్కర్లేదు. బొమ్మ చుట్టూ ఒక వరుస చిల్లులు వదిలి సన్నని కత్తెరతో కోసి, వెనక ఫెల్టు కుడితే పుస్తకంలో పెట్టుకునే పట్టీ సిద్ధం. ప్లాస్టిక్ కాన్వాస్ అంచులను దారంతో చుట్టి కుడితే పెట్టెలు, టీ కప్పు కింద పెట్టే పలకలు నిలబెట్టవచ్చు. లినెన్‌పై చేసిన పట్టీకి చివర పోగులు లాగి జాలరు చేయాలంటే, జాలరు మొదలయ్యే చోట ముందుగా ఒక వరుస గట్టి కుట్టు వేయాలి. లేకపోతే పోగులు బొమ్మ దాకా ఊడుతూ వస్తాయి.

వాడే వస్తువులు

సంచులు, బల్ల గుడ్డలు, పెట్టె మూతలు, ట్రేలు రోజూ చేతిలో నలుగుతాయి. వీటికి పొడవాటి కుట్లు, వేలాడే పూసలు ఉన్న నమూనాలు పనికిరావు. గోళ్లకూ గాజులకూ తగిలి దారం లేస్తుంది. నిండుగా ఉన్న చిన్న కుట్లే తట్టుకుంటాయి. సంచిపై కుట్టిన పలకను జేబులా పైన కుడితే, సంచి పాడైనప్పుడు పలకను విప్పి మరోదానికి మార్చుకోవచ్చు. బల్ల గుడ్డ అంచులు మడిచి, మూలలు ఏటవాలుగా మడతపెట్టి హెమ్మింగ్ చేస్తే ఉతుకులకు నిలుస్తాయి. అంచుకు క్రోషే లేసు కలపడం తెలుగునాట ఎప్పటినుంచో ఉన్నదే. పశ్చిమ గోదావరి నరసాపురం లేసు దానికి పేరుపొందింది. అయితే లేసునూ గుడ్డనూ విడిగా ఒకసారి తడిపి ఆరబెట్టి, ముడుచుకునేది ముడుచుకున్నాకే కలపాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అంచు ముడతలు పడుతుంది. అద్దం కింద కుట్టు పెట్టే ట్రేలో వేడి గిన్నెలు పెడితే అద్దం లోపల ఆవిరి చేరుతుంది. దాన్ని అలంకరణకే ఉంచడం మేలు.

పాత పనులకు కొత్త రూపం

చాలా ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు కుట్టిన పనులు పాత చట్రాల్లోనో, పెట్టెల అడుగునో ఉంటాయి. వాటిని విప్పేటప్పుడు తొందర పడకూడదు. ముందుగా పటాన్ని రెండువైపులా ఫొటో తీసుకోవాలి. చట్రం మేకులు తీసి, అద్దం గుడ్డకు అంటుకుని ఉంటే లాగకుండా, ఆ పనిని వస్త్ర సంరక్షణ తెలిసినవారికి అప్పగించాలి. విడిగా వచ్చిన గుడ్డపై దుమ్మును మెత్తని బ్రష్‌తో తీసి, వెనకవైపు ఒక మూలలో ఒక్కో రంగు దారాన్నీ తడి తెల్ల గుడ్డతో అద్ది, రంగు అంటడం లేదని తేలాకే ఉతకడం గురించి ఆలోచించాలి. పోగులు పొడిపొడిగా విరుగుతుంటే ఉతక్కూడదు. మరో గుడ్డపై పరిచి, చిన్న కుట్లతో ఆనించి, కొత్త అట్టపై అద్దం తాకకుండా కట్టాలి. పాత పనిని ముక్కలుగా కోసి అలంకరణలు చేసేముందు, అది ఎవరి చేతిదో, ఎప్పటిదో రాసిపెట్టాలి.

కొత్త పనికీ అదే వర్తిస్తుంది. జేన్ బోస్టాక్ పేరు, తేదీ నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా తెలియడానికి కారణం అవి గుడ్డ మీదే కుట్టి ఉండడం. బొమ్మ మూలలో పొడి అక్షరాలు, సంవత్సరం కుట్టవచ్చు. అస్తరుపై చిన్న గుడ్డ పట్టీని కుట్టి కుట్టినవారి పేరు, ఊరు, ఎవరికోసం కుట్టారో రాయవచ్చు. పటం వెనక బాల్ పెన్నుతో రాస్తే సిరా గుడ్డలోకి దిగే ప్రమాదం ఉంది కనుక విడి కాగితంపై పెన్సిలుతో రాసి వెనక అట్టకు జోడించాలి.

వాన, ఎండ, పురుగు

కోస్తా ఊళ్లలో వానాకాలమంతా గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది. సాపేక్ష తేమ 65 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే గుడ్డపై బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. చెమ్మ దిగే బయటి గోడకు పటాన్ని ఆనించకూడదు. వెనక నాలుగు మూలల్లో చిన్న బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది. చెక్క చట్రాలను ఏడాదికోసారి దించి చెద ఆనవాళ్లు చూడాలి. గంజి పెట్టిన గుడ్డను సిల్వర్‌ఫిష్ పురుగులు ఇష్టంగా తింటాయి కనుక దాచే పనికి గంజి పెట్టకూడదు. దాచేటప్పుడు మడతలు పెట్టకుండా, కాగితపు గొట్టంపై ఉతికిన తెల్ల కాటన్ గుడ్డ చుట్టి, దానిపై బొమ్మ బయటికి వచ్చేలా పనిని చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే లోపలి చెమ్మ బయటికి పోదు. కలరా ఉండలు పెడితే అవి గుడ్డను తాకకుండా విడి మూటలో ఉండాలి.

ఎంపిక

ఇన్ని పద్ధతుల్లో ఏది తగినదో పనిని బట్టి తేలుతుంది. నెలల శ్రమ, సన్నని కుట్టు, పట్టు లేదా జరీ ఉన్న పనికి అట్టపై అల్లి, అద్దం తాకకుండా కట్టిన పటమే సరైనది. కాటన్ దారంతో, పక్కా రంగులతో చేసిన మధ్యస్థ పనికి గలీబు, తోరణం, గోడ తెర తగినవి. ఒకటి రెండు సాయంత్రాల్లో పూర్తయ్యే చిన్న నమూనాలను బిస్కార్నుగానో, వేలాడే బొమ్మలుగానో, పుస్తకపు పట్టీలుగానో చేసి ధైర్యంగా వాడుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. కానుకగా ఇచ్చేటప్పుడు దాన్ని ఉతకవచ్చా లేదా అన్నది ఒక చీటీపై రాసి ఇవ్వడం అవసరం. అందుకున్నవారికి ఆ సంగతి తెలిసే దారి మరొకటి లేదు.

అన్నిటికీ వర్తించే నియమం ఒకటే. గుడ్డకు జిగురు తగలకుండా, అంచు కోయకుండా, దారంతో బిగించి, అస్తరుతో బరువు మోయించి చేసిన వస్తువును తరువాతి తరం విప్పి, శుభ్రం చేసి, తన ఇంటికి తగిన రూపంలో మళ్లీ కట్టుకోగలదు. చట్రాలు మారుతాయి, అభిరుచులు మారుతాయి, ఇళ్లూ మారుతాయి. ఆ మార్పులన్నిటినీ కుట్టు దాటిపోయేలా చేసినప్పుడే ఫినిషింగ్ సరిగ్గా జరిగినట్టు.